అట్టడుగున చుక్క

ఇంటర్లో నాకు సైన్ అంటే ఎదుటి భుజం బై కర్ణం, అంతే. ఒక యూనిట్ వ్యాసార్ధమున్న వృత్తం మీద ఒకే వేగంతో తిరిగే చుక్క ఎత్తే సైన్ అని చాలాకాలానికి బోధపడింది. మధ్యగీత దాటేటప్పుడు ఆ ఎత్తు చకచకా మారుతుంది. అట్టడుగున మారీ మారనట్టుంటుంది.

పగటి నిడివీ దాదాపు ఇలాగే నడుస్తుంది. హైదరాబాదులో మార్చిలో పగలు రోజుకు సుమారు ఒక నిమిషం పెరుగుతుంది. డిసెంబరు 21 తర్వాత వారం గడిచినా నిమిషం తేడా రాదు.

అమ్మ పోయింది డిసెంబరులోనే. వారాలు గడిచినా నాలో ఏదీ కదలట్లేదనిపించేది. సైన్ మళ్ళీ పైకొస్తుంది, అమ్మ రాదు. పోలిక అక్కడికే సరి. అయినా అట్టడుగున చుక్క ఆగదు. ఎత్తు మారకపోయినా పూర్తి వేగంతో పక్కకు జరుగుతుంది. ఆ జరుగుడును కొలిచేది కొసైన్. ఆ ఏడాది నేను దాన్నే లెక్కేసుకున్నాను: అమ్మ చీరలు మడతపెట్టాను, పప్పుచారు నేర్చుకున్నాను.