పదమూడుకి పదమూడు గెలిచినా...

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళకి సెప్టెంబర్ వస్తే సోమవారం పొద్దున్న ఆఫీసులో కాలేజ్ ఫుట్‌బాల్ గోల తప్పదు. ఎన్ఎఫ్ఎల్ మనకి తొందరగానే ఎక్కుతుంది, లీగు, తర్వాత నాకౌట్లు, ఇంచుమించు మన ఐపీఎల్ లాంటిదే. కాలేజ్ వాళ్ళది మాత్రం ఆట అర్థమైనా ఛాంపియన్ ఎలా అయ్యారో ఓ పట్టాన అర్థం కాదు. నాకైతే ఆటకంటే ఆ లెక్కే సరదా.

చిక్కెక్కడంటే, పై డివిజన్లో 130కి పైగా టీములున్నాయి. రెగ్యులర్ సీజన్లో ఒక్కోటీ ఆడేది 12 మ్యాచులే. బలమైనవాళ్ళతో ఆడి 11 గెలిచినవాడు గొప్పా, అల్లాటప్పా వాళ్ళతో ఆడి 12 గెలిచినవాడు గొప్పా? పాయింట్ల పట్టికతో తేలే వ్యవహారం కాదు. పైగా బాస్కెట్‌బాల్‌కి టోర్నమెంట్ పెట్టి కప్పిచ్చే ఎన్‌సీఏఏ, ఈ ఫుట్‌బాల్‌కి మాత్రం ఇవ్వదు!

పూర్వం ఓట్లే గతి. విలేఖరులు ఒక జాబితా, కోచ్‌లు ఒక జాబితా. 1997 సీజన్లో వాళ్ళు మిషిగన్ అన్నారు, వీళ్ళు నెబ్రాస్కా అన్నారు. ఇద్దరూ ఛాంపియన్లే, ఒకరితో ఒకరు ఆడకుండానే.

ఇది కుదరదని 1998లో బీసీఎస్ తెచ్చారు. ఓట్లకి కంప్యూటర్ ర్యాంకులు కలిపి, మొదటి ఇద్దరికీ ఫైనల్. 2003లో యూఎస్‌సీ రెండు ఓటింగుల్లోనూ నంబర్ వన్. అయినా ఫైనల్ ఆడింది ఎల్ఎస్‌యూ, ఓక్లహోమా. ఆ ఓక్లహోమా అంతకుముందు మ్యాచులోనే 35-7తో చిత్తుగా ఓడింది! తిట్లన్నీ కంప్యూటర్లు తిన్నాయి.

ఇక్కడ నేను కంప్యూటర్ పక్షమే (వృత్తిధర్మం మరి). ఎంత తేడాతో గెలిచారన్నది లెక్కలోకి తీసుకోకూడదని 2002లో వాళ్ళే కట్టడి చేశారు. ఇన్‌పుట్ సగం పీకేసి అవుట్‌పుట్‌ని తిడితే ఎలా? పైగా ఆరు కంప్యూటర్ ర్యాంకింగుల్లో పూర్తిగా బయటపెట్టింది ఒక్కటే, వెస్ కోలీ అనే ఖగోళ భౌతిక శాస్త్రవేత్తది. 2010లో ఆయన డేటాలో ఒక కింది డివిజన్ మ్యాచు స్కోరు ఎక్కలేదు. లెక్క బయటే ఉంది కాబట్టి వేరే ఎవరో చేసి చూసి పట్టుకున్నారు. సరిచేస్తే 10లో ఉన్న ఎల్ఎస్‌యూ, 11లో ఉన్న బోయిసీ స్టేట్ తారుమారయ్యాయి. మిగతా ఐదింటిలో ఎన్ని బగ్గులున్నాయో దేవుడికే ఎరుక.

దీనికి జనం కోరుకున్న మందు ఏంటంటే... కంప్యూటర్లని తీసేసి 13 మందితో కమిటీ. 2014 నుంచి నలుగురికి ప్లేఆఫ్. 2023లో ఫ్లోరిడా స్టేట్ 13 ఆడి 13 గెలిచింది, తన కాన్ఫరెన్స్ కప్పు కూడా గెలిచింది. కమిటీ దాన్ని పక్కనబెట్టి ఒకటి ఓడిన అలబామాని తీసుకుంది. కారణం, ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ కాలు విరిగింది, ఇప్పుడున్న టీము అంత గట్టిది కాదట. గెలిచిన మ్యాచుల కంటే ఓడిపోతారేమోనన్న ఊహకి విలువ ఎక్కువైంది. తర్వాత బౌల్ గేములో జార్జియా చేతిలో 63-3తో ఓడారుగా, కమిటీ చెప్పిందే నిజమైంది కదా అంటారు. చాలామంది ముఖ్యమైన ఆటగాళ్ళు ఆ మ్యాచు ఆడనేలేదు, దాన్ని సాక్ష్యంగా ఎలా ఒప్పుకుంటాం?

2024 నుంచి 12 టీములు. 2024, 2025ల్లో అందులో ఐదు చోట్లు ర్యాంకుల్లో ముందున్న కాన్ఫరెన్స్ విజేతలకి ఖాయం చేశారు. మొదటి ఏడాది పైనున్న నాలుగు విజేతలకి తొలి రౌండ్ బై ఇచ్చారు. దాంతో కమిటీ ర్యాంకుల్లో 9, 12లో ఉన్న బోయిసీ స్టేట్, అరిజోనా స్టేట్ కూడా బై కొట్టేశాయి. తీరా చూస్తే బై దొరికిన నాలుగూ ఆడిన మొదటి మ్యాచులోనే ఇంటికి! కప్పు ఎనిమిదో సీడ్ ఒహాయో స్టేట్‌ది. 2025లో ఆ నిబంధన మార్చి, సీడ్లు ర్యాంకుల వరసలోనే ఇచ్చారు.

రెండు చోట్ల పాత పద్ధతే ఉంటే ఒహాయో స్టేట్ ఫైనల్ దరిదాపులకి వచ్చేది కాదు, మిషిగన్‌తో సహా రెండు మ్యాచులు ఓడింది మరి. అలాగని రెండు ఓడినవాడు ఛాంపియనేంటని సణిగేవాళ్ళూ ఉన్నారు. నాకైతే అది ఇబ్బందిగా లేదు. టెన్నెసీ, ఆరెగాన్, టెక్సస్, నోటర్ డేమ్... వరసగా నలుగురిని మైదానంలో కొట్టి తీసుకున్నారు. నా పేచీ అంతా ఆ 12 మందిని ఎంచే గదితోనే. అక్కడ ఎవరు ఏ టీముని ఎన్నో స్థానంలో రాశారో ఆ 13 మంది ఓట్లు బయటపెడితే చాలు, మిగతా డీబగ్గింగ్ అభిమానులే చూసుకుంటారు.