అలల ఊరిలో విడిది

యాత్రకు సిద్ధమయ్యే మనిషికి విడిదిని గురించి రెండు కోరికలుంటాయి. ఇంటిలో లేనిదేదో అక్కడ దొరకాలి. ఇంటిలో ఉన్నదేదీ అక్కడ కొరవడకూడదు. ఈ రెండింటి నడుమనే గది ఎంపిక జరిగిపోతుంది. పుణ్యక్షేత్రానికో, కొండ ప్రాంతానికో పోయేవారికి ఇందువలన కలిగే నష్టం స్వల్పమే. గది నచ్చకపోతే ఒక రాత్రి నిద్ర చెడుతుంది, అంతే. కాని అలల మీద పలకతో తేలే సర్ఫింగ్ క్రీడను నేర్చుకొనేందుకు సముద్రపు ఒడ్డుకు పోయేవారి సంగతి వేరు. అక్కడ విడిదితో ప్రాణక్షేమం కూడా ముడిపడి ఉంటుంది. గురుగ్రామ్‌లో నివసిస్తున్న ఒక తెలుగు కుటుంబానికి ఒక శీతకాలంలో ఈ సంగతి బోధపడింది.

గురుగ్రామ్ సముద్రాన్ని ఎరుగని నగరం. ఒకనాటి గుర్‌గావ్‌కు హర్యానా ప్రభుత్వం 2016లో ఈ పేరు పెట్టింది. ద్రోణాచార్యునికి శిష్యులు సమర్పించిన గ్రామమిదేనని అక్కడి జనశ్రుతి. నేడు ఆ గ్రామంలో ఇల్లు వెతికేవారు అడిగే ప్రశ్నలు వేరు. ఎన్నవ అంతస్తు? లిఫ్టు ఉన్నదా? కరెంటు పోతే జనరేటరు ఉన్నదా? కిటికీ ఎటువైపు? పొరుగువారెవరని అడిగే అలవాటు ఆ ఎత్తైన మేడల్లో క్రమంగా సన్నగిల్లింది.

ఆ దంపతులకు పన్నెండేండ్ల కుమారుడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో సర్ఫింగ్‌కు తొలిసారి స్థానం లభించింది. ఆ పోటీలను టెలివిజన్‌లో చూసిననాటి నుండి బాలునికి అదే ధ్యాస. జనవరి సెలవులకు విశాఖపట్నం పోదామని నిశ్చయమైంది. ఇల్లాలి పుట్టినిల్లు ఆ ప్రాంతమే. మోకాళ్ల నొప్పులతో బాధపడే ఆమె తల్లి కూడా ప్రయాణానికి సిద్ధమైంది.

వెతకగా వెతకగా రెండు విడుదులు మిగిలాయి. మొదటిది భీమిలి దారిలో, ఊళ్లకు దూరంగా, నేరుగా ఇసుక మీదికే తెరుచుకొనే అద్దాల గది. మంచం మీద పడుకొనే సూర్యోదయం చూడవచ్చు. రెండవది రుషికొండ తీరానికి నడిచిపోయే దూరంలో, జాలరిపేటను ఆనుకొన్న ఒక సాధారణ గృహంలో రెండు గదులు. కిటికీలోంచి సముద్రం కనబడదు. సరుగుడు చెట్లు అడ్డం. సందులో ఎండుచేపల వాసన. ఇన్ని వందల కోసులు పోయి సముద్రం కనబడని గదిలో దిగడమేమిటని ఇంటి యజమాని అభిప్రాయం. వృద్ధురాలికి ఆ వాసన పడదేమోనన్న శంక కూడా ఆయనకు లేకపోలేదు.

భీమిలిలో ఇల్లాలి పెదనాన్నగారున్నారు. ఆమె ఆయనకు ఫోను చేసి రెండు గదుల సంగతీ వివరించింది. అంతా విని ఆయన ఇలా అన్నారు: "గదిలోంచి సముద్రం కనబడుతుందా అని చూస్తున్నారు గాని, అమ్మాయ్, పిల్లవాడు నీళ్లలో దిగితే వాడు ఎవరికి కనబడతాడో ఆలోచించారా?"

అల్లుడు ఫోను అందుకొని, "వాడికి ఈత వచ్చు, మామయ్యగారూ. మా సొసైటీ ఈతకొలనులో మూడేళ్లుగా ఈదుతున్నాడు," అన్నాడు.

"కొలనులో నీళ్లు ఎక్కడికీ పోవు, అల్లుడుగారూ. ఇవి పోతాయి," అన్నారాయన.

ఆ మాట వెనుక ప్రకృతి ధర్మమున్నది. ఒడ్డున నిలబడి చూసేవారికి తెల్లని నురుగుతో విరిగిపడే అలలు భయం గొలుపుతాయి. వాటి నడుమ నిశ్చలంగా, కాస్త నల్లగా కనిపించే నీటిపట్టు సురక్షితమైనదిగా తోస్తుంది. వాస్తవం దీనికి విరుద్ధం. ఒడ్డుకు చేరిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోవలసిందే. నీటి అడుగున ఇసుకదిబ్బల మధ్య లోతైన సందు దొరికిన చోట అది ఇరుకైన ప్రవాహమై వెనక్కి లాగుతుంది. లోతు ఎక్కువైనందున అక్కడ అల విరగదు. అందుకే ఆ చోటు ప్రశాంతంగా కనబడుతుంది. ఆ ప్రవాహ వేగం ఒక్కొక్కప్పుడు సెకనుకు 2 మీటర్లను మించుతుంది. ఒలింపిక్ ఈతగాడు సైతం దానికి ఎదురీది నెగ్గలేడు. చిక్కినవాడు బెదరక తేలుతూ, చేతులెత్తి సహాయం కోరాలి. శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా ఈది, ఆ లాగుడు తప్పిన తరువాతనే ఒడ్డు వైపు తిరగాలి.

ఆ సందు సదా ఒకే చోట ఉండదు. ఇసుక కదిలినకొద్దీ అదీ కదులుతుంది. హైదరాబాదులో 1999లో నెలకొల్పిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం అలల ఎత్తును, పెనుకెరటాల రాకను ముందుగా హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను ప్రతి యాత్రికుడూ తెలుసుకోవలసిందే. అయితే ఈనాటి ఉదయం ఈ ఇసుకతిన్నె ముందు ఆ సందు ఎక్కడున్నదో చెప్పగలిగినవారు నిత్యం ఆ నీటిని చూసేవారే. విశాఖ తీరపు మత్స్యకారులు తరతరాలుగా తెప్పల మీద ఆ విరిగే అలలను దాటి వేటకు పోయినవారు. సర్ఫింగ్ వారి పిల్లలకు కొత్త ఆట కావచ్చు. అల కొత్తది కాదు.

పెదనాన్నగారు మరికొన్ని సంగతులు కూడా చెప్పారు. తెల్లవారుజామున గాలి నేల మీది నుండి సముద్రం వైపు వీస్తుంది. అప్పుడు అలలు తీరుగా వస్తాయి. పొద్దెక్కిన కొద్దీ సముద్రపు గాలి లేచి నీటిని చెదరగొడుతుంది. కాబట్టి నేర్చుకొనేవారు వేకువనే నీటి దగ్గర ఉండాలి. విడిది నడక దూరంలో ఉండాలి. అద్దాల గదిని గురించి ఆయన ఒక్క మాటే అన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన రోజున ఆ తీరంలో అద్దాలు ఏ విధంగా పగిలాయో ఆయన కన్నులారా చూశారు. జనవరిలో అటువంటి భయం అరుదే. అయినా సముద్రానికి ఎదురుగా ఇల్లు కట్టడం ఆ ఊరి పెద్దల పద్ధతి కాదు. సరుగుడు తోపు వెనుక కట్టుకొంటారు.

చివరకు రెండవ విడిదే స్థిరమయింది. యజమాని పూర్తి మనస్సుతో ఒప్పుకోలేదు. పిల్లవాని క్షేమమన్న మాటకు ఎదురు చెప్పలేకపోయాడు.

రుషికొండ 2020లో నీలి జెండా గుర్తింపు పొందిన తీరం. బాలునికి నేర్పడానికి జాలరిపేటకు చెందిన ఒక యువకుడు కుదిరాడు. తొలి ఉదయం అతడు బాలుణ్ణి నీటిలో దిగనివ్వలేదు. ఇసుక మీద కూర్చోబెట్టి, "ఎక్కడ దిగుతావు, తమ్ముడూ?" అని అడిగాడు. బాలుడు సంశయం లేకుండా అలలు లేని నల్లని నీటిపట్టును చూపాడు. తండ్రికి కూడా అదే మంచి చోటుగా తోచింది. యువకుడు ఏమీ అనకుండా ఒక ఎండు సరుగుడు కొమ్మను తెచ్చి అక్కడ విసిరాడు. కొమ్మ ఒడ్డుకు రాలేదు. చూస్తుండగానే అలల వరుసను దాటి, లోనికి, ఇంకా లోనికి పోయి, కనబడకుండా పోయింది. తండ్రి కుమారుని భుజం మీద చేయి వేసి చాలాసేపు తీయలేదు.

అద్దాల గది ముందు కూడా ఇటువంటి నీరే ఉండి ఉండవచ్చు. అక్కడ కొమ్మ విసిరేవారెవరూ లేరు.

మిగిలిన రోజులు సుఖంగా గడిచాయి. బాలుడు మూడవనాడు పలక మీద మోకాళ్లపై లేచాడు. అయిదవనాడు నాలుగు క్షణాలు నిలబడ్డాడు. ఎండుచేపల వాసన పోలేదు, అలవాటయింది. వృద్ధురాలు అరుగు మీద కూర్చొని, గురుగ్రామ్‌లో వినబడని తన ఊరి యాసను రోజంతా విన్నది. చేపల బుట్టలతో పోయే స్త్రీలు ఆమె మోకాళ్ల నొప్పిని గురించి అడిగి గాని ముందుకు కదిలేవారు కారు.

సర్ఫింగ్ ప్రపంచంలో వ్యాపించిన తీరు కూడా ఇదే. 1912 ఒలింపిక్స్‌లో ఈతలో స్వర్ణపతకం గెలిచిన హవాయి వీరుడు డ్యూక్ కహనమోకు వైకీకీ తీరంలో పెరిగినవాడు. 1914లో ఆస్ట్రేలియాకు పోయి అక్కడి వారి ముందు ఈ విద్యను ప్రదర్శించాడు. చెన్నై సమీపాన గల కోవళంలో మత్స్యకార యువకులే గురువులు. పూర్వకాలపు విద్యార్థి చదువుకొనే చోటును, నివసించే చోటును వేరువేరుగా వెతకలేదు. గురువు ఇల్లే అతని విడిది. అలల ఊరికి పోయేవారికి నేటికీ ఆ పద్ధతే శ్రేయస్కరం. జీవరక్షకులు ఎన్ని గంటల వరకు ఉంటారు, నీటిని ఎరిగినవారు ఎంత దూరంలో ఉన్నారు, వేకువనే తలుపు తీసేవారెవరు అన్న ప్రశ్నలు ముందు. కిటికీ సంగతి ఆ తరువాత.

ఆ కుటుంబం గురుగ్రామ్‌కు తిరిగి వచ్చింది. ఆ నగరానికి సముద్రం లేకపోయినా నీటి బెడద లేకపోలేదు. 2016 జూలై చివర కురిసిన వానకు అక్కడి రహదారులు మునిగి, వేలాది జనం రాత్రంతా వాహనాల్లోనే చిక్కుకుపోయారు. వానాకాలం రాగానే ఆ బాలుడు మేడ దిగి, ఆ ప్రాంతపు పాత గ్రామంలో పుట్టి పెరిగిన వృద్ధ కాపలాదారు వద్దకు పోయి, ఈ నీరు పూర్వం ఎటు పోయేదని అడిగాడు. ఆయన కుర్చీలోంచి లేచి, కర్రతో దారి చూపించాడు.