కందెన ముందు, సంగీతం తర్వాత

మా ఇంటి ముందు రెండు నెలలుగా ఒక తెల్ల పికప్ ఉంటోంది. కొత్తది కాదండీ. 2017 మోడల్ డీజిల్ బండి, మాకంటే ముందు ఇద్దరి చేతులు మారింది. మాది కడియం దగ్గర చిన్న నర్సరీ. ఇన్నాళ్లూ మొక్కలు పంపాలంటే కిరాయి బండే దిక్కు. వానలు పడి మొక్కలకి గిరాకీ వచ్చే రోజుల్లోనే ఆ బండ్లు దొరకవు. దొరికినా పొద్దున్న వస్తానన్నది సాయంత్రానికి వస్తుంది, ఈలోగా కవర్లలో మొక్కలు ఎండకి వాడిపోతాయి. అందుకని చివరికి సొంత బండి కొన్నాం. నాలుగు లక్షల అరవై వేలు. అందులో లక్షన్నర నా రెండు పేటల గొలుసు బ్యాంకులో పెడితే వచ్చింది.

"బండి సంగతులు నీకెందుకమ్మా" అని మా చుట్టాలావిడ ఒకరు అడిగారు. గొలుసు నాదండీ, అందుకని లెక్క కూడా నాదే. ఇంకోటి, ఆ బండిలో రాత్రిపూట హైవే మీద వెళ్లేది మావారు.

బండి ఇంటికొచ్చిన వారంలోనే ఎవరి కోరికలు వాళ్లు బయటపెట్టారు. పదో తరగతి చదువుతున్న మా పెద్దాడికి ముందు తెల్లగా మెరిసే ఎల్‌ఈడీ లైట్లు కావాలి, వెనక పెద్ద స్పీకర్లు కావాలి. మా మరిది ముందు బంపర్‌కి స్టీలు గార్డు కట్టించమన్నాడు. మావారు వెనక కమాన్ కట్టకి రెండు పట్టీలు ఎక్కిద్దామన్నారు, ఇంకో అర టన్ను వేసుకోవచ్చని. అందరూ మాట్లాడటం అయ్యాక మా అత్తయ్యగారు కూర్చున్న చోటు నుంచే, "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని ఊరికే అన్నారా? ముందు కందెన సంగతి చూడండిరా" అన్నారు. ఆవిడ పుట్టింట్లో రెండెడ్ల బండి ఉండేదట. ఇరుసుకి కందెన పెట్టందే వాళ్ల నాన్నగారు బండి కట్టనిచ్చేవారు కాదట.

నేను పాల లెక్కల పుస్తకంలో మూడు పేజీలు వదిలి మూడు పేర్లు రాశాను. మొదటిది "ఆగడానికి", రెండోది "నడవడానికి", మూడోది "కనబడటానికి". ఒక పేజీలో పనులన్నీ అయితేగానీ తర్వాతి పేజీలో రూపాయి ఖర్చు పెట్టకూడదని మా ఇంట్లో ఒప్పందం.

మొదటి పేజీలో మొదట రాసింది కాగితాలు. కాగితాలు సరిగ్గా లేకపోతే బండి ఇంకో రకంగా ఆగిపోతుంది కదా. ఫారం 29, 30 మీద అమ్మినాయన, మావారు ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకి తెలియజేయాలి. పాత ఫైనాన్సు తీరినట్టు ఫారం 35, వాళ్ల ఎన్‌ఓసీ కూడా తీసుకున్నాం. ఇన్సూరెన్సు పాత యజమాని పేరున ఉంటే రేపు ఏదైనా అయినప్పుడు పేచీ వస్తుంది, అందుకని అదీ వెంటనే మార్పించాం. ఇది రవాణా బండి కాబట్టి ఫిట్‌నెస్ కూడా ఉండాలి. ఎనిమిదేళ్లు నిండే దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. మా బండి ఎనిమిదేళ్లు దాటింది, అంటే ఇకనుంచి ఏటా ఆ ఖర్చు ఉంటుందని రాసిపెట్టుకున్నాను.

తర్వాత బ్రేకులు. మా మెకానిక్‌ని ఊళ్లో అందరూ మేస్త్రిగారనే పిలుస్తారు. ఆయన నాలుగు చక్రాలూ విప్పి చూపించారు. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. వెనక లైనింగులు అరిగి రివెట్లు బయటపడే స్థితికి వచ్చాయి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుందట, అలా పీల్చుకున్నది వేడెక్కితే తొందరగా మరిగి, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుందట. నూనె డబ్బా అయితే మూత గట్టిగా పెడితే చాలు, దీన్ని మాత్రం రెండేళ్లకోసారి మార్చేయాల్సిందే. ప్యాడ్లు, లైనింగులు, ఆయిల్, కూలీ అన్నీ కలిపి 6,800 అయింది.

టైర్ల విషయంలో మేస్త్రిగారు నాకొక మంచి సంగతి నేర్పారు. టైరు పక్కన గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మా వెనక టైర్లలో ఒకదాని మీద 1417 అని ఉంది. అంటే 2017లో పద్నాలుగో వారంలో తయారైంది. గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి కాబట్టి చూడటానికి కొత్తదానిలా ఉంది. బహుశా ఇన్నేళ్లూ స్టెప్నీగా పడి ఉండి, అమ్మేముందు ఎక్కించి ఉంటారు. కానీ పక్క గోడ వంచి చూస్తే సన్నటి పగుళ్లు. గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలనేది చట్టం చెప్పే లెక్క. వయసైపోయిన రబ్బరుకి ఆ లెక్క ఒక్కటే చాలదు. వెనక రెండూ కొత్తవి వేయించాం, 12,400. ఆ రోజు గొలుసు గుర్తొచ్చి కాస్త మనసు చివుక్కుమంది గానీ, చెయ్యి మాత్రం వెనక్కి రాలేదు.

మావారు అన్నవరం తీసుకెళ్లి తొలి పావంచా దగ్గర బండికి పూజ చేయిద్దామని మొదటి రోజు నుంచీ అంటున్నారు. బ్రేకులు, టైర్లు అయ్యాకే వెళ్లాం. సత్యదేవుడు కాపాడతాడు, కానీ లైనింగులు మనమే వేయించుకోవాలి కదండీ.

రెండో పేజీ "నడవడానికి". పాత బండికి ఎవరు ఎప్పుడు ఏం మార్చారో మనకి తెలియదు. అమ్మినాయన "మొన్ననే సర్వీసు చేయించానండీ" అన్నారు, బిల్లు మాత్రం చూపించలేదు. అందుకని ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ ఒకేసారి మార్పించేశాం. మన లెక్క ఆ రోజు నుంచి మొదలు. కొత్త ఆయిల్ నాలుగు రోజుల్లోనే నల్లబడిందని మావారు కంగారు పడ్డారు. డీజిల్ ఇంజిన్లో మసి ఎక్కువ, దాన్ని పట్టి ఉంచడం కూడా ఆయిల్ పనే, నల్లబడితే పాడైనట్టు కాదని మేస్త్రిగారు చెప్పాక కుదుటపడ్డారు.

డీజిల్ ఇంజిన్లో పెట్రోలు బండిలాగా నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. 1900లో ప్యారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ని వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. ఈ సంగతి చెబితే అత్తయ్యగారు, "అయితే మన గానుగ నూనె పోస్తే పోలా" అన్నారు. ఇప్పటి ఇంజిన్లకి అది కుదరదు. డీజిల్‌ని చిమ్మే ఇంజెక్టర్ల రంధ్రాలు చాలా సన్నగా ఉంటాయి, కొంచెం నలుసు పడినా, నీళ్లు చేరినా అవి పాడవుతాయి. వాటి రిపేరు ఖర్చు వింటే ఇంకో గొలుసు పెట్టాలనిపిస్తుంది. మన గోదావరి గాలిలో తేమ ఎక్కువ. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రికి ఆవిరి చల్లబడి నీటి చుక్కలవుతుంది. నీళ్లు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. డీజిల్ ఫిల్టర్ కింద వాటిని వదలడానికి ఒక చిన్న మర ఉంటుంది. మావారు నెలకోసారి అది వదులు చేసి హార్లిక్స్ సీసాలోకి పడతారు, నేను సీసా వెలుతురుకి పెట్టి చూస్తాను. అడుగున గీతలాగా నీళ్లు కనబడితే ఇంకాస్త వదలమంటాను. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడే ట్యాంకు నింపుకు రమ్మని కూడా చెప్పాను.

రేడియేటర్ సంగతి నాకు తొందరగా అర్థమైంది, అది కుక్కరే. మూత గట్టిగా ఉండి లోపల ఒత్తిడి ఉన్నంతసేపూ నీళ్లు ఆలస్యంగా మరుగుతాయి. వేడి మీద మూత తీస్తే మొహం కాలుతుంది. అందులో కుళాయి నీళ్లు పోయకూడదు, లోపల తుప్పు పడుతుంది, పాచి కడుతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ చెప్పిన పాళ్లలో కలిపి పోయించాం. ఫ్యాన్ బెల్టు పగిలి ఉంటే అదీ మార్పించాం. కీళ్లున్న చోటల్లా గ్రీజు గన్‌తో కొట్టించాం. అత్తయ్యగారు దగ్గరుండి చూసి, "ఇదీ కందెనంటే" అన్నారు. రెండో పేజీ మొత్తం 8,400 తేలింది.

ఇంకో అలవాటుకి ఖర్చేమీ లేదు. ఈ బండికి టర్బో ఉంది. హైవే మీద గట్టిగా తోలుకొచ్చి టక్కున ఆపేయకుండా ఒక నిమిషం ఉత్తినే తిరగనివ్వాలి. ఇంజిన్ ఆగితే టర్బోకి ఆయిల్ వెళ్లడం కూడా ఆగుతుంది, అది మాత్రం ఇంకా వేడిగానే ఉంటుంది. పొగ రంగు కూడా చూసుకోవాలి. నల్ల పొగైతే గాలి చాలట్లేదు, లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది. నీలం పొగైతే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. చలి పొద్దున్న కాసేపు తెల్లగా వస్తే ఫరవాలేదు, వేడెక్కాక కూడా తెల్లగానే వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోందేమో చూపించుకోవాలి.

ఇక కమాన్ పట్టీల గొడవ. మావారు ఆ మాట వదల్లేదు. "అందరూ వేయించుకుంటున్నారు, మనమే మడి కట్టుకోవాలా" అన్నారు. మేస్త్రిగారు నవ్వి, "కమాన్ మోస్తుందండీ, మరి బ్రేకు మొయ్యొద్దా?" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు విషయం తెలిసిపోయింది. పట్టీలు ఎక్కిస్తే బండి వెనక కుంగదు, అంతే. బ్రేకులు, ఇరుసు, టైర్లు పాతవే కదా. పైగా కంపెనీ ఇచ్చిన రూపు మనిష్టం వచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు.

ఆ రాత్రి ఆర్‌సీ ముందేసుకుని కూర్చున్నాను. సరుకుతో కలిపి బరువు 2,950 కిలోలు, ఖాళీ బండి 1,700. తేడా 1,250. అందులో డ్రైవరు, తోడు మనిషి, టార్పాలిన్, తాళ్లు కలిపి 150 తీసేస్తే మొక్కలకి మిగిలేది 1,100. తర్వాత మావారు వైజాగ్ పంపే సైజు కవరు మొక్కని మా ఎరువుల కాటా మీద పెట్టాను. పొడిగా ఉంటే ఎనిమిది కిలోలు, బాగా తడిపాక పది. మేం ఇన్నాళ్లూ కిరాయి బండి వచ్చే గంట ముందే మొక్కలకి గొట్టంతో నీళ్లు కొట్టించేవాళ్లం. 130 మొక్కలు పొడిగా 1,040 కిలోలు, తడిపితే 1,300. ఆ రెండు వందల అరవై కిలోలూ వట్టి నీళ్లే. వాటిని వైజాగ్ దాకా డీజిల్ తగలేసి మోసుకెళ్లి, అక్కడి కుళాయి పక్కన దించుతున్నాం.

కాగితం మావారి ముందు పెట్టాను. చాలాసేపు చూసి, "ముందురోజు పొద్దున్న తడిపితే సరిపోతుంది, లేత మొక్కలకి మాత్రం పైన జల్లుదాం" అన్నారు. పట్టీల మాట మళ్లీ రాలేదు. ఎక్కువ మొక్కలు అడిగితే రెండో ట్రిప్పు వేస్తున్నారు, ట్రిప్పుకి రేటు కూడా చెబుతున్నారు.

మూడో పేజీ ఈమధ్యే మొదలైంది. అందులో మొదట కొన్నవి మంచి టార్పాలిన్, తొట్టిలో రబ్బరు మ్యాటు, వెలిసిపోయిన రిఫ్లెక్టర్ టేపుల బదులు కొత్తవి, రివర్స్ సెన్సరు. డ్రైవరు సీటులో స్పాంజి మార్పించాం, మావారి నడుం నొప్పి చాలావరకు తగ్గింది. ఎల్‌ఈడీ లైట్లు వద్దన్నాం, ఎదురుగా వచ్చేవాడి కళ్లు బైర్లు కమ్మితే నష్టం మనకి కూడా. బంపర్ గార్డు కూడా వద్దన్నాం.

ఇప్పుడు వంటింట్లో పోపుల డబ్బా పక్కన ఇంకో డబ్బా ఉంది. బండి తిరిగిన ప్రతి కిలోమీటరుకి రెండు రూపాయలు అందులో పడాలి. వైజాగ్ వెళ్లొస్తే సుమారు నాలుగు వందల కిలోమీటర్లు, ఎనిమిది వందలు. తర్వాతి ఆయిల్ మార్పు, ఫిట్‌నెస్, ముందు టైర్లు, అన్నీ ఆ డబ్బాలోంచే రావాలి, ఇంటి ఖర్చులోంచి కాదు. అవన్నీ పోగా ఏమైనా మిగిలితే స్పీకర్లు కొనుక్కోవచ్చని పెద్దాడికి చెప్పాను. వాడు ఇప్పుడు రోజూ సాయంత్రం బండి రాగానే వెళ్లి మీటరు చూసి, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో పుస్తకంలో రాస్తున్నాడు. డబ్బాలో డబ్బులు తక్కువ పడితే వాళ్ల నాన్నని అడిగేది కూడా వాడే.