ఎనిమిది గళ్ళలో గద్వాల

మా ముందుగదిలో ఒక టూ ఇన్ వన్ ఉంది. మా మేనమామ దుబాయి నుంచి తెచ్చింది. దాని పక్కన క్యాసెట్లు రెండు వరుసలు. ఒకప్పుడు వాటిలో సినిమా పాటలు, ఒగ్గుకథలు ఉండేవి. ఇప్పుడు కొన్నింటిలో పాట లేదు. ప్లే నొక్కితే ముందు ఐదు సెకన్లు ఒకటే కూత, ఆ వెనకాల కాలిన పెనం మీద నీళ్ళు చిలికినట్టు చరచర. మొదటిసారి విన్నవాళ్ళు టేపు చుట్టుకుపోతున్నదని ఆపబోతారు. నేను చెయ్యి పట్టుకుని ఆపుతాను. ఆ చరచరే ప్రోగ్రామ్. (ఒగ్గుకథలు చెరిపేశానని అనుకోవద్దు. వాటిని భద్రంగా పక్కన పెట్టాను. పాట పూర్తిగా అరిగిపోయిన క్యాసెట్ల మీదనే రాసుకుంటాను.)

ఆ చప్పుడు వినేది జడ్ఎక్స్ స్పెక్ట్రమ్. 1982లో ఇంగ్లండులో సింక్లెయిర్ కంపెనీ ఇళ్ళకోసం అమ్మిన కంప్యూటర్. పలకంత ఉంటుంది. మీటలు రబ్బరువి, నొక్కితే పిల్లల చెప్పుల అడుగులా మెత్తగా దిగుతాయి. తెర విడిగా లేదు, ఇంట్లో ఉన్న టీవీకే తగిలించుకోవాలి. ఒక్కో మీట మీద ఒక్కో ఆజ్ఞ పూర్తిగా రాసి ఉంటుంది. జె నొక్కితే లోడ్, పి నొక్కితే ప్రింట్. మెమరీ 48 కిలోబైట్లు. ఇప్పటి కంప్యూటర్లలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి కాబట్టి, మీరు చదువుతున్న ఈ వ్యాసం ఒక్కటి అందులో పెడితే సగానికి పైగా నిండిపోతుంది.

లండన్‌లో ఉద్యోగం చేసే మా చెల్లెలి కొడుకు దాన్ని సెకండ్ హ్యాండులో కొని, బట్టల నడుమ చుట్టి తెచ్చిచ్చాడు. మన దేశంలోనూ అవి లేకపోలేదు. పుణెలో డెసిబెల్స్ అనే సంస్థ డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ పేరుతో తయారు చేసింది. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం పెట్టి, ఎంపిక చేసిన హైస్కూళ్ళకు బీబీసీ మైక్రోలు పంచింది. అంతకు చాలా ముందే, 1969లో, మన హైదరాబాద్ ఈసీఐఎల్ టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను బయటికి తెచ్చింది. ఆ కంపెనీ పేరు మా వీధిలో అందరికీ తెలుసు, అయితే కంప్యూటర్ వల్ల కాదు. వీధి మొత్తానికి ఒకే ఒక టీవీ ఉండేది, అది ఈసీ టీవీ. ఆదివారం సాయంత్రం సినిమా చూసింది అందులోనే. దాన్ని చేసిన చేతులే కంప్యూటర్ కూడా చేశాయని మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఇంటి కంప్యూటర్ అంటే సత్య నాదెళ్ళ సంగతి గుర్తొస్తుంది. తన పదిహేనేళ్ళ వయసులో నాన్నగారు యుగంధర్ బ్యాంకాక్ నుంచి సింక్లెయిర్ జడ్ఎక్స్80 కిట్ కొనుక్కొచ్చారని 2017లో వచ్చిన తన హిట్ రిఫ్రెష్ పుస్తకంలో ఆయన రాసుకున్నారు. జడ్ఎక్స్80లో ర్యామ్ ఒక కిలోబైటు. అందులో లెక్క చేసేదీ, తెర మీద బొమ్మ గీసేదీ ఒక్క ప్రాసెసరే. అందుకని మీట నొక్కిన ప్రతిసారీ తెర ఒక్క క్షణం ఆరి వెలుగుతుంది. అది ఆలోచిస్తున్నప్పుడు బొమ్మ గీయలేదు, గీస్తున్నప్పుడు ఆలోచించలేదు. యంత్రం ఏం చేస్తున్నదో ఆ రెప్పపాటులో కళ్ళకు కనబడుతుంది. ఇవాళ్టి ఫోను పట్టుకుని ఏ పిల్లవాడైనా దాని లోపల పని జరిగే తీరును అలా చూడగలడా? నాకు ఈ పాత యంత్రాల మీద ఉన్న ప్రేమంతా అక్కడుంది. వాటిలో దాచింది ఏమీ లేదు. ఓపిక పడితే మొత్తం యంత్రం మన బుర్రలో పడుతుంది.

ఈ రుచి నాకు వనపర్తిలో తగిలింది. సంస్థానాధీశుల ప్యాలెస్‌లో 1959లో పెట్టిన పాలిటెక్నిక్ అది. రాజులు తిరిగిన గోడల మధ్య మేం ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాం. ల్యాబులో ఇంటెల్ 8085 కిట్లు ఉండేవి. తెర లేదు, అక్షరాలు లేవు. ఎర్రగా వెలిగే ఆరు అంకెలు మాత్రమే. నాలుగు అంకెలు అడ్రసుకు, రెండు ఆ అడ్రసులో ఉన్న విలువకు. 3ఈ అని కొడితే, తర్వాత వచ్చే సంఖ్యను అక్యుమ్యులేటరులో పెట్టుకోమని అర్థం. 76 అంటే ఆగమని. రెండు సంఖ్యలు కూడడానికి గంట పట్టేది, కూడిక సరిగా వచ్చిన రోజు హాస్టల్‌కు వెళ్ళేదాకా అదే మాట.

చాలా ఏళ్ళ తర్వాత స్పెక్ట్రమ్ ముందు కూర్చుని, మాన్యువల్ తెరవకుండానే ఆ సంకేతాలు పెట్టి చూశాను. పనిచేశాయి. ఫెడెరికో ఫాజిన్ అనే ఇటలీ ఇంజినీరు ఇంటెల్‌లో 8080 పని నడిపించి, 1974లో బయటికొచ్చి జైలాగ్ కంపెనీ పెట్టాడు. 1976లో ఆయన తెచ్చిన జడ్80 చిప్, 8080కి రాసిన సంకేతాలను ఉన్నవి ఉన్నట్టు అర్థం చేసుకుంటుంది. మా ల్యాబులోని 8085 కూడా ఆ 8080 వంశమే. స్పెక్ట్రమ్‌లో ఉన్నది జడ్80. వనపర్తి ప్యాలెస్‌లో నేర్చుకున్న ముక్క లండన్ నుంచి వచ్చిన పెట్టెలో చెల్లింది. విడిపోయిన చుట్టం ఇంట్లో మన ఊరి మాట వినబడ్డట్టు అనిపించింది.

దాన్ని ఒకసారి నేనే చంపుకున్నాను. దాని అడాప్టరు 9 వోల్టులది, అయితే పిన్ను మధ్యలో మైనస్, బయట ప్లస్. మన బజార్లో దొరికే అడాప్టర్లలో చాలావాటికి మధ్యలో ప్లస్. ఒరిజినల్ అడాప్టరు వైరు తెగితే, చేతికందిన ఇంకోటి పెట్టాను. తెర మీద చీకటి. ఈ యంత్రాలు కొనాలనుకునేవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట అందుకే ఇది: స్విచ్ వేసేముందు మీటరు పెట్టి పిన్ను చూసుకోండి.

దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి, బీచుపల్లి బ్రిడ్జి దాటి, పెబ్బేరు, వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్ వెళ్ళాను. అక్కడ నాకు తెలిసిన టీవీ మెకానిక్ భాయ్ ఒకరున్నారు. డబ్బా టీవీలు పోయాక ఇప్పుడు ఆయన దగ్గరికి మిక్సీలు, ఇన్వర్టర్లు వస్తున్నాయి. మూత విప్పి చాలాసేపు అటూ ఇటూ చూశాడు.

"దీన్ల ఏ పార్టు యాడున్నదో కండ్లకు కనబడ్తున్నది సార్. గిసొంటి బోర్డు చూసి ఎన్ని రోజులాయె."

"భయం లేదుగా భాయ్?"

"టీవీల వేల వోల్టులుంటయి. దీన్ల మస్తంటె పన్నెండు. భయమేంది?"

స్పెక్ట్రమ్ కింది 16 కిలోబైట్ల మెమరీ 4116 అనే ఎనిమిది చిప్పుల్లో ఉంటుంది. వాటికి మూడు రకాల వోల్టేజీ కావాలి: 5, 12, ఇంకా మైనస్ 5. ఆ మైనస్ 5 ఒక్కటి రాకపోయినా చిప్పులు కాలిపోతాయి. భాయ్‌కి ఆ సంగతి చెప్పాను. ఆయన కరెంటు ఇచ్చి, ఎనిమిది చిప్పుల మీదా వరసగా వేలు ఆనించుకుంటూ పోయాడు, జ్వరం చూసే అమ్మలాగ. మూడోదాని దగ్గర, ఏడోదాని దగ్గర ఆగాడు. "గివి రెండు సుర్రుమంటున్నయి సార్." అవే పోయాయి. దాంతోపాటు వోల్టేజీ తయారుచేసే ట్రాన్సిస్టరు ఒకటి. నా దగ్గర విడిభాగాలకోసం ఉంచుకున్న పాత బోర్డు నుంచి చిప్పులు ఊడదీసి, కాళ్ళు శుభ్రం చేసి, సాకెట్లు వేసి కూర్చోబెట్టాడు. ఇంకో ఉపకారం కూడా చేశాడు. స్పెక్ట్రమ్ బొమ్మను యూహెచ్ఎఫ్ 36వ ఛానెల్ మీద పంపుతుంది, పాత టీవీల్లో చాలావాటికి ఆ బ్యాండే ఉండదు. మధ్యలో ఉన్న మాడ్యులేటర్‌ను తప్పించి, వీడియోను నేరుగా బయటికి తీసుకొచ్చాడు. ఇప్పుడు పసుపు పిన్ను ఉన్న ఏ టీవీకైనా తగులుతుంది.

ఆయన దుకాణం మూలన నాకొక కీబోర్డు కూడా దొరికింది. 1990ల చివర్లో మన ఊళ్ళలో టీవీ గేము పేరుతో అమ్మినవి గుర్తున్నాయా, క్యాసెట్ దూర్చి కాంట్రా, మారియో ఆడేవాళ్ళం. వాటిలో కొన్నింటికి కీబోర్డు ఉండేది, కంప్యూటర్ నేర్చుకోవచ్చని దుకాణంలో చెప్పేవారు. లోపల ఉన్నది 1983లో జపానులో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్ యంత్రానికి నకలు. దాని బేసిక్ క్యాసెట్ పెట్టి నాలుగు గీతలు గీసిన పిల్లలు మన దగ్గర చాలామంది ఉంటారు. మా పాలమూరు ఇళ్ళలో చాలామందికి ఇంటి కంప్యూటర్ అంటే మొదట అదే. వాటిని ఎవరూ దాచుకోలేదన్నది నాకు బాధ. ఆ కీబోర్డును ఇంటికి తెచ్చి తుడిచి పెట్టుకున్నాను.

స్పెక్ట్రమ్ బాగయ్యాక నాకొక కోరిక పుట్టింది. దాని తెర మీద మా ఊరి పేరు, గద్వాల, తెలుగులో చూడాలి.

అందులో ఇంగ్లీషు అక్షరాలే ఉన్నాయి. కానీ మనం గీసుకునే గుర్తులకోసం 21 చోట్లు ఖాళీగా వదిలారు. ఒక్కో గుర్తు అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది చుక్కలు. ఒక్కో వరుసకు ఒక సంఖ్య. ఎడమ నుంచి 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని విలువలు పెట్టి, వెలగాల్సిన చుక్కల విలువలు కూడాలి. మధ్యలో నాలుగు చుక్కలు వెలగాలంటే 32, 16, 8, 4 కలిపి 60. అలా ఎనిమిది సంఖ్యలు ఇస్తే ఒక అక్షరం.

ఇంగ్లీషు వాడికి అది సుఖం. మనకు అక్షరం నెత్తిన తలకట్టు, పక్కన దీర్ఘం, కింద ఒత్తు. తలకట్టుకే రెండు వరుసలు పోతే మిగిలేది ఆరు. గ తొందరగానే వచ్చింది. ద కడుపులో చుక్క పడితే బొద్దుగా, తీసేస్తే ర లాగ. ఇక ద్వా! రెండు రాత్రులు గళ్ళ కాయితాలు నింపి చింపాను.

మూడో రోజు మా వీధి చివర మగ్గం నేసే మామ వచ్చాడు. యాభై ఏళ్ళుగా గుంట మగ్గం దిగుతున్న మనిషి. బల్ల మీది కాయితం చూసి నిలబడిపోయాడు.

"ఇది డిజైన్ కాయితమే గద అల్లుడా. మా పని నీకెట్ల వచ్చె?"

"చీరకు కాదు మామా, టీవీ మీద అక్షరం రావాలని."

"చీరకైతేంది, టీవీకైతేంది. గడి నింపినకాడ పోగు లేస్తది, విడిచినకాడ లెవ్వదు."

గద్వాల చీర తెలిసినవాళ్ళకు తెలుసు, ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. నేతలోనే రెండింటినీ ముడివేసి కలుపుతారు. అంచు మీది బుటాలకు మగ్గం పైన జకార్డు ఉంటుంది, 1804లో ఫ్రాన్సులో జకార్డ్ కనిపెట్టిన సాధనం. గళ్ళ కాయితం మీద గీసిన బొమ్మను వరుస వరుసగా అట్టల మీద రంధ్రాలుగా కొడతారు. రంధ్రం ఉన్నచోట కొక్కెం పడుగు పోగును లేపుతుంది, నాడె కింద నుంచి పోతుంది. ఒక అట్ట, ఒక పేక. నేను ఎనిమిది సంఖ్యలు ఎందుకో చెప్పబోతే ఆయనే అన్నాడు, "ఎనిమిది అట్టలు." ఈ యంత్రం గురించి ఎందరికో విడమరిచి చెప్పాను. ఇంత తొందరగా అందుకున్నవాళ్ళు లేరు.

పెన్సిల్ తీసుకుని కూర్చున్నాడు. నా ల చూసి, "రెండు వంపుల నడుమ ఒక్క పోగు విడువు, ఊపిరాడనియ్" అన్నాడు. విడిచాం, ల వచ్చింది. ద్వా దగ్గర చాలాసేపు ఆగాడు. "అంతా ఒక్క గడిలనే ఎందుకు కుక్కుతవు? ఒత్తును కింది గడిలకు దించు. దీర్ఘానికి పక్క గడి ఇయ్." తెర మీద 24 వరుసలున్నాయి కదా, పేరుకు రెండు వరుసలు తీసుకుంటే ఏం పోయింది! గ, ద, దీర్ఘం, ల, కింద వ ఒత్తు. ఐదు గళ్ళు, 40 సంఖ్యలు. ఆయన లెక్కలో 40 అట్టలు. నేను టైప్ చేస్తుంటే ఆయన గడులు చదివి చెప్పాడు, లేచింది, లెవ్వలే, లేచింది, లేచింది.

పేరు వచ్చింది. చుట్టూ కొంచెం గరుకుగా, అయినా ఎవరు చదివినా గద్వాలే. రంగు వేయమన్నాడు. ఒక గడిలో అక్షరానికి ఒకటి, నేలకు ఒకటి, రెండు రంగులే పడతాయని చెప్పాను. "గద్వాల చీరకు అంతకన్న ఏం గావాలె?" అని ఎర్ర నేల మీద పసుపుపచ్చ ఎంచాడు. తెర నిండా ఆ పేరును పరిచి, దాన్ని టేపు మీద దాచాను. తర్వాత స్విచ్ ఆపేశాను. మెమరీ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఆయన గుండె పట్టుకున్నాడు.

టేపు వెనక్కి తిప్పి, జె మీట నొక్కి, ప్లే వేశాను. తెర నడుమ తెల్లగా ఉంది. చుట్టూ ఉన్న పట్టీలో మాత్రం కూత వస్తున్నంతసేపు ఎరుపు, లేత నీలం పట్టెలు పాకాయి. చరచర మొదలవగానే అవి సన్నబడి పసుపు, ముదురు నీలం చారలయ్యాయి. ఆ పట్టీకి ఈ యంత్రం వాళ్ళు పెట్టిన పేరు బార్డర్.

"అంచు," అన్నాడు మామ. "ఒళ్ళు నేయకముందే అంచొస్తున్నది చూడు."

ఆ తర్వాత నడుమ బొమ్మ పడసాగింది. ఈ తెరకు 6912 బైట్లు, టేపు నుంచి రావడానికి దాదాపు 40 సెకన్లు. మొదటి 6144 బైట్లు చుక్కలు మాత్రమే. అవి కూడా వరసగా రావు, ఎనిమిది గీతలకు ఒకటి చొప్పున, మధ్యలో సందులు వదులుకుంటూ వచ్చి, మళ్ళీ మొదటికి పోయి ఆ సందులు పూడ్చుకుంటాయి. తెల్లటి నేల మీద నల్లగా గద్వాల, గద్వాల, గద్వాల. చిట్టచివరన మిగిలిన 768 బైట్లు వచ్చాయి. పై నుంచి కిందికి ఎరుపూ పసుపూ ఒక్క ఊపున దిగాయి. టేపు ఆగింది.

మామ కాసేపు మాట్లాడలేదు.

"మేం నూలుకు ముందే రంగు అద్దుతం అల్లుడా, తర్వాతనే నేస్తం. ఇదేంది, నేసినంక రంగేస్తున్నది?" అన్నాడు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఇంగొక్కసారి తిప్పు."