మంట ఫ్యాక్టరీది, రెక్కలు పిల్లలవి

డెన్వర్ దగ్గర ఉండే మా అక్క కూతురు మోడల్ రాకెట్ క్లబ్బులో చేరింది. శనివారం తయారీ, ఆదివారం ప్రయోగం అంటే నేనూ వెంట వెళ్లాను.

హాల్లో ప్రతి బల్ల మీదా ఒక ఎస్టీస్ ఆల్ఫా కిట్ ఉంది. అట్టగొట్టం, మొనదేలిన ముక్కు, బాల్సా చెక్క రెక్కలు మూడు, పారాచూట్, సాగే తాడు. అంతా అతికిస్తే 30 సెంటీమీటర్లు కాస్త దాటుతుంది. నేర్పే పెద్దాయన రిటైరైన ఇంజనీరు. ముందుగా గొట్టం మీద రెక్కలు వచ్చే చోట గీతలు గీయించారు. చెక్క నార రెక్క ముందంచు వెంట సాగాలట, అడ్డంగా ఉంటే ఇట్టే విరుగుతుందట. జిగురు పట్టేదాకా రెక్కను వేళ్లతో నిలిపి ఉంచాలి.

"కదిలితే వంకరపోతుంది పిన్నీ, నన్ను పలకరించకు!" అంది మా పిల్ల.

పిల్లల చేతికి అప్పగించని పని ఒక్కటే, ఇంజనులో మందు కూరడం. అది ఫ్యాక్టరీలోనే దట్టించి వస్తుంది. 1957లో స్పుత్నిక్ ఎగిరిన రోజుల్లో అమెరికా పిల్లలు ఇళ్లలో మందు కలిపి రాకెట్లు చేయబోయి గాయాలపాలయ్యేవారు. నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్ అప్పటికే ఒకసారి కాల్చి పారేసే చిన్న ఇంజను రూపొందించాడు. హ్యారీ స్టైన్ దాని విలువ గుర్తించి భద్రతా నియమాలు రాశాడు. వెర్న్ ఎస్టీస్ ఆ ఇంజన్లు చేసే యంత్రాన్ని తయారుచేశాడు.

ఆదివారం గడ్డిమైదానంలో మా పిల్ల చేతికి వచ్చిన ఇంజను మీద ఏ8-3 అని ఉంది. అక్షరం మొత్తం శక్తిని చెబుతుంది. ఒక్క అక్షరం పెరిగితే ఆ శక్తి హద్దు రెట్టింపవుతుంది, అందుకే మొదటిసారికి 'ఏ' చాలు. 8 అంటే న్యూటన్లలో సగటు తోపుడు బలం. 3 అంటే మంట ఆరాక పారాచూట్‌ను బయటికి నెట్టేదాకా పట్టే సెకన్లు. రాకెట్ తూగే చోట దారం కట్టి గిరగిరా తిప్పి చూశారు. ముక్కు ముందుకే సాగింది, ఎగరేయవచ్చన్నారు.

మా పిల్లకన్నా ముందున్న అబ్బాయి మీట నొక్కితే మంట రాలేదు. వాడు రాకెట్ వైపు పరుగెత్తబోతే పెద్దాయన ఆపి, మీటపెట్టె తాళం చెవి తీసేసి, గడియారం చూస్తూ నిమిషం పాటు అందరినీ నిలబెట్టారు. పేలని టపాకాయ మీదికి వంగి చూస్తే ఏమవుతుందో దీపావళి చేసుకునే మనకు చెప్పనక్కర్లేదు. ఆ నిమిషం ఓపికే ఈ విద్యలో మొదటి పాఠం.

తర్వాత మా పిల్ల వంతు. 15 అడుగుల వెనక నిలబడి 5 నుంచి లెక్కపెట్టి నొక్కింది. రాకెట్ బుస్సుమని కడ్డీని వదిలి నిటారుగా లేచింది. మంట సెకనైనా లేదు. ఆ పైన పొగగీత, 'టప్' మన్న చప్పుడు, విచ్చుకున్న పారాచూట్.

నిప్పుతో చెలగాటం వద్దని పిల్లల్ని వారించడం తేలిక. ఏది వాళ్ల చేతికి ఇవ్వకూడదో తేల్చుకుని, మిగతాదంతా నమ్మి ఇవ్వడమే కష్టం. ఈ క్లబ్బు ఆ కష్టం పడుతోంది. రెండోసారికి కొత్త ఇంజను పెట్టే ముందు మా పిల్ల, ఎవరూ చెప్పకుండానే, మూడు రెక్కల్నీ వేలితో నొక్కి చూసుకుంది.