అగ్గిపుల్ల టెస్ట్

దసరా సెలవులకి నరసరావుపేట వెళ్ళినప్పుడు నా బ్యాగ్‌లో ఒక కొత్త టీషర్టు ఉంది. నల్లది, ఓవర్‌సైజ్‌డ్, వీపు మీద పెద్ద ప్రింట్. మెడ దగ్గర ట్యాగ్ మీద "ప్లాస్టిక్-ఫ్రీ" అని ఉంటుంది. ధర 1,499 రూపాయలు. అమ్మకి 600 అని చెప్పాను.

మా అమ్మ ఇంట్లోనే మిషన్ కుడుతుంది. ఒక లైనింగ్ జాకెట్ కుడితే ఆవిడకి వచ్చేది 200. అంటే ఆ టీషర్టు ఏడున్నర జాకెట్లు. ఈ లెక్క నేను కొనేటప్పుడు వెయ్యలేదు, బస్సులో వేశాను.

ఇక్కడ అసలు విషయం చెప్పాలి. అది నాకోసం కొన్న టీషర్టు మాత్రమే కాదు, శాంపిల్. మా ఫెస్ట్ టీషర్టులు ఎక్కడ చేయించాలన్న మీటింగ్‌లో ఈ బ్రాండ్ పేరు చెప్పింది నేనే. పన్నెండు స్లైడ్ల పీపీటీ చేశాను. "సస్టైనబిలిటీ స్కోర్" అని ఒకటి తయారుచేసి ఈ బ్రాండ్‌కి పదికి 9.1 ఇచ్చాను. చప్పట్లు కొట్టారు. 160 మంది దగ్గర తలా 750 వసూలు చేయడం మొదలుపెట్టారు.

అమ్మ టీషర్టు చేతిలోకి తీసుకోగానే ముందు లోపలి వైపుకి తిప్పింది. మనం ముందు ప్రింట్ చూస్తాం, కుట్టేవాళ్ళు ముందు కుట్టు చూస్తారు.

"ఏందిరా, ప్లాస్టిక్ లేదని రాశారా?"

"అవునమ్మా, హండ్రెడ్ పర్సెంట్ కాటన్."

"గుడ్డ కాటనే. మరి దారం?"

కింద మడత దగ్గర వేలాడుతున్న దారం ముక్క కత్తిరించి అగ్గిపుల్ల గీసింది. దారం మండలేదు. ముడుచుకుని, కరిగి, చివర చిన్న నల్ల పూసలా గట్టిపడింది. తర్వాత మిషన్ సొరుగులోంచి నూలు దారం తీసి వెలిగించింది. అది కాగితంలా కాలి, నలిపితే బూడిద అయింది. "చూశావా, ఇది నూలు. నీది పాలిస్టర్" అని మళ్ళీ పనిలో పడింది. ఆవిడకి అది పెద్ద విషయమే కాదు. ఆవిడ కుట్టే జాకెట్లన్నీ పాలిస్టర్ దారంతోనే.

నాకు మాత్రం కడుపులో ఏదోలా అయింది. పాలిస్టర్ అంటే పెట్, అంటే వాటర్ బాటిల్ చేసే ప్లాస్టిక్కే. ఆ రాత్రి పీపీటీ తెరిచి ఒక్కో స్లైడూ మళ్ళీ చదివాను.

మొదట ప్రింట్. వీపు మీది ఆ మందపాటి రబ్బరులాంటి ప్రింట్ ప్లాస్టిసోల్ ఇంకులా ఉంది. ప్లాస్టిసోల్ అంటే పీవీసీ. వాటర్ బేస్డ్ ఇంకులున్నాయి కదా అంటే, వాటిలో రంగుని గుడ్డకి పట్టి ఉంచే బైండర్ చాలాసార్లు అక్రిలిక్. అదీ ప్లాస్టిక్ కుటుంబమే.

తర్వాత సర్టిఫికెట్. "ఓయెకో-టెక్స్ ఉంది కాబట్టి పర్యావరణానికి మంచిది" అని రాశాను. తీరా చదివితే, వాళ్ళ స్టాండర్డ్ 100 చూసేది బట్టలో మనిషికి హాని చేసే రసాయనాలు ఉన్నాయా లేవా అని. పత్తి ఎలా పండింది, ఎన్ని నీళ్ళు పట్టాయి అన్నది దాని పని కాదు. ఆర్గానిక్ సంగతి చూసేది జీఓటీఎస్. దాని "ఆర్గానిక్" లేబుల్ రావాలంటే 95 శాతం ఆర్గానిక్ నూలు ఉండాలి. ఈ బ్రాండ్‌కి అది లేదు. ఉందని వాళ్ళు చెప్పలేదు కూడా. నేనే ఊహించుకున్నాను.

మూడోది ప్యాకింగ్. ప్లాస్టిక్ కవర్ బదులు కాటన్ సంచిలో పంపుతారని దానికి ఫుల్ మార్కులు వేశాను. డెన్మార్క్ పర్యావరణ శాఖ 2018లో సంచుల మీద ఒక అధ్యయనం చేసింది. వాతావరణ మార్పు ఒక్కటే చూస్తే, మామూలు కాటన్ సంచిని కనీసం 52 సార్లు వాడితేనే ప్లాస్టిక్ క్యారీబ్యాగ్‌తో సమానం. అన్ని రకాల ప్రభావాలూ లెక్కలోకి తీసుకుంటే 7,100 సార్లు! సంచి అదే, అధ్యయనం అదే. ఏ కాలమ్ చూస్తామన్నదాన్ని బట్టి 52 నుంచి 7,100కి పోయింది. అలాగని ప్లాస్టిక్ కవరే గొప్పదని కాదు. చెత్తగా పారేశాక కాలవలో, ఆవు కడుపులో జరిగేది ఆ లెక్కలోకి పూర్తిగా రాదు.

అప్పుడు అర్థమైంది నా స్కోర్ సంగతి. ప్లాస్టిక్‌కి 60 శాతం వెయిట్ ఇచ్చింది ఎవరు? నేనే. ఎందుకు? బ్రాండ్ ఆ మాటే పెద్దక్షరాల్లో రాసింది కాబట్టి. నీళ్ళకి, రంగులకి తలా 5. వెయిట్స్ కొంచెం మార్చి చూస్తే 9.1 కాస్తా 5.4 అయింది. ఆన్సర్ ముందే రాసుకుని దానికి సరిపడా మోడల్ కట్టాను. ఎవరైనా ల్యాబ్‌లో ఇలా చేస్తే మనమే నవ్వుతాం.

రంగులకి 5 మార్కులేంటి అసలు! తిరుప్పూర్‌లో అద్దకం యూనిట్ల నీళ్ళు నొయ్యల్ నదిని ఎంత పాడుచేశాయంటే, 2011 జనవరిలో మద్రాస్ హైకోర్టు ఆ యూనిట్లని మూసెయ్యమంది. వాడిన నీళ్ళని బయటికి వదలకుండా శుద్ధి చేసి మళ్ళీ వాడుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. అక్కడ గొడవ ప్లాస్టిక్‌ది కాదు. నూటికి నూరు శాతం కాటన్ చొక్కా కూడా ఒక నదిని పాడుచెయ్యగలదు.

సెలవులయ్యాక బ్రాండ్ వాళ్ళకి ఫోన్ చేశాను. నడిపేది ఇద్దరే, మనకంటే నాలుగైదేళ్ళు పెద్ద. దబాయిస్తారనుకున్నా. ఆయన మామూలుగా చెప్పాడు: "గుడ్డ, ట్యాగ్, ప్యాకింగ్ వరకే మేం అనుకున్నది బ్రో. కాటన్ దారంతో ట్రై చేశాం, భుజం దగ్గర కుట్లు వదిలేసి రిటర్న్‌లు వచ్చాయి." చొక్కా తొందరగా చిరిగితే అదీ వేస్టే కదా. ఆయన్ని మోసగాడు అనలేకపోయాను. కానీ ట్యాగ్ మీద ఉన్న మాట మాత్రం నిజం కాదు.

కమిటీకి చెప్పడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. డబ్బులు అప్పటికే సగం పైన వసూలయ్యాయి. "మామా, దారం ఎవడు చూస్తాడు రా, వదిలెయ్" అన్నాడు నా రూమ్మేట్. నిజంగానే ఎవరూ చూడరు. అదే నన్ను ఇబ్బంది పెట్టింది. ఎవరూ చూడరన్న ధైర్యంతోనే కదా ఆ ట్యాగ్ రాసింది, నేను ఆ స్కోర్ వేసింది.

చివరికి మీటింగ్‌లో రెండు దారాలు తీసి అగ్గిపుల్ల గీశాను. ఒక సీనియర్‌కి బాగా కోపం వచ్చింది. న్యాయమే. ఆ తర్వాత గంటన్నర గొడవపడి నాలుగు పనులు చేశాం. పోస్టర్ మీద "ప్లాస్టిక్-ఫ్రీ" తీసేశాం. వీపు మీది పెద్ద ప్రింట్ తీసేసి ముందు చిన్నది పెట్టాం. టీషర్టు మీద సంవత్సరం వెయ్యలేదు, వచ్చే ఏడు కూడా తొడుక్కోవచ్చని. అన్నిటికంటే ముఖ్యంగా, వద్దనుకున్నవాళ్ళకి డబ్బులు వెనక్కిచ్చాం. 160 కాస్తా 97 అయ్యాయి. కుట్టని ఆ 63 టీషర్టులకి నీళ్ళు, రంగు, దారం, ఏదీ ఖర్చు కాలేదు. నా పన్నెండు స్లైడ్లలో "అసలు కావాలా?" అన్న స్లైడే లేదు.

ఇప్పుడు ఆ షీట్‌లో ఒక్క కాలమ్ మాత్రం ఉంచుకున్నాను: ఎన్నిసార్లు తొడిగాను అని. నా 1,499 టీషర్టు 38 దగ్గర ఉంది. మొన్న సంక్రాంతికి చంక దగ్గర కుట్టు కొంచెం వదిలితే అమ్మ మళ్ళీ కుట్టింది, పాలిస్టర్ దారంతోనే. కుడుతూ అడిగింది, "నిజం చెప్పు, ఎంత పెట్టి కొన్నావు?"

ఈసారి చెప్పేశాను.