వెనక సీటు దిగాక

అమెరికాలో అమ్మమ్మకి కారులో ఒక శాశ్వత స్థానం ఉంటుంది. వెనక సీట్లో, పసిపిల్ల కుర్చీని ఆనుకుని. ముందు కూర్చున్న ఇద్దరూ ఇంగ్లీషులో ఏదో తేల్చుకుంటూ ఉంటారు. ఫోన్‌లో ఒకావిడ కుడికి తిప్పమంటుంది, ఎడమకి తిప్పమంటుంది. మన ఒళ్ళో బిస్కట్ల డబ్బా, నీళ్ళ సీసా. బండి ఆగి దిగాక గానీ వచ్చింది గుడికో, కాస్ట్‌కో కొట్టుకో, ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతానికో తెలియదు. రాత్రి తెనాలి నుంచి చెల్లెలు ఫోన్ చేసి "ఇవాళ ఎటెళ్ళారే?" అంటే "ఏమోనే, దూరమే, బాగానే ఉంది" అని సరిపెట్టుకోవాలి.

నేను తెనాలిలో పుట్టి, రిటైరయ్యేదాకా అక్కడే బడిపిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని. గాంధీ చౌక్ నుంచి వైకుంఠపురం గుడికి రిక్షా అతను ఎంత అడుగుతాడో, బేరమాడితే ఎంతకి దిగుతాడో తెలిసినదాన్ని. అలాంటి మనిషిని వారమంతా కిటికీ దగ్గర కూర్చోబెట్టి శనివారం ఊరు చూపిస్తామంటే ప్రాణం ఊరుకుంటుందా? మా అమ్మాయీ అల్లుడూ మంచివాళ్ళే, పాపం. తీరికే లేదు. వాళ్ళని అడగడం మానేసి నేను బస్సుని నమ్ముకున్నాను.

మేముండే ఊరు ఫ్రీమాంట్. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు ఒడ్డున, కొండల కింద ఉంటుంది. రెండు లక్షల ముప్ఫై వేల జనాభా. కూరగాయల కొట్టుకి వెళ్తే నాలుగు వైపుల నుంచీ నాలుగు భాషలు వినపడతాయి, అందులో ఒకటి తప్పకుండా తెలుగే. ఈ ఊరిదీ నాదీ ఒకే ఈడు. సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అని ఐదు వేరువేరు ఊళ్ళు 1956 జనవరిలో ఒక్కటై ఫ్రీమాంట్ అయ్యాయి. నేను పుట్టింది ఆ ఏడే. ఆ నవంబరులోనే ఆంధ్రా, తెలంగాణా కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. ఆ కలిసినవి 2014లో విడిపోయాయి గానీ ఈ ఐదూళ్ళూ ఇంకా కలిసే కాపురం చేస్తున్నాయి. కాకపోతే ఏ పేటవాళ్ళని కదిపినా మా పేటే అసలైన ఊరంటారు. ఆ మాట వినగానే నాకు కాస్త మనవాళ్ళలాగే అనిపించారు.

అరవై అయిదు దాటిన వాళ్ళకి ఇక్కడ క్లిప్పర్ అని ఒక కార్డు ఇస్తారు. పాస్‌పోర్టు చూపించి వయసు రుజువు చేసుకుంటే చాలు, బస్సులోనూ రైల్లోనూ సగం చార్జీకో, ఇంకా తక్కువకో తిరగొచ్చు. తెల్లవెంట్రుకల వల్ల ఇంత లాభం నాకు తెనాలిలో ఎప్పుడూ కలగలేదు. బస్సు వచ్చి ఆగాక డ్రైవరు నన్ను చూసి ఏదో మీట నొక్కాడు. బుస్సుమని గాలి వదిలి, బస్సు నా వైపుకి ఒంగి, మెట్టు ఫుట్‌పాత్‌కి దించింది. కార్డు తాకించగానే కీచుమంది. ముందు వరస సీట్లు పెద్దవాళ్ళవట, స్కూలు కుర్రాడొకడు లేచి నుంచున్నాడు. కిటికీ మీదుగా పసుపుపచ్చ తాడొకటి వేలాడుతూ ఉంటుంది. దిగాల్సిన చోటు రాబోతుండగా దాన్ని లాగితే గంట మోగుతుంది, బస్సు ఆగుతుంది. నేను తాడు లాగితే అంత పెద్ద బండి ఆగడం! ఆ సంబరం కారెక్కి తిరిగేవాళ్ళకి చెప్పినా అర్థం కాదు.

మావారికి ఇవేమీ పట్టవు. వచ్చిన వారంలోనే ఆయన సోఫాలో ఒక మూల ఖాయం చేసుకుని ఫోన్‌లో గుంటూరు జిల్లా వార్తలు చదువుకుంటూ స్థిరపడ్డారు. "ఏమోయ్, తప్పిపోతే ఏం చేస్తావ్?" అన్నారొకసారి. "తప్పిపోయినా ఊళ్ళోనేగా ఉంటాను" అన్నాను. అమ్మాయి మాత్రం నేనెక్కడున్నానో తన ఫోన్‌లో చుక్కలా కనిపించే ఏర్పాటు చేసింది. ఒకరోజు ఆఫీసు మీటింగు మధ్యలోంచి ఫోన్ చేసి, "అమ్మా, చెరువులో ఉన్నట్టు చూపిస్తోంది!" అని కంగారు పడింది.

చెరువులో కాదు, చెరువు కింద ఉన్నాను. అదీ కథే. ఊరి మధ్యలో సెంట్రల్ పార్కు, అందులో లేక్ ఎలిజబెత్ అని ఎనభై ఎకరాల చెరువు ఉన్నాయి. పేరు విని ఇంగ్లండు రాణిగారిదనుకుంటాం గానీ, ఆస్ట్రేలియాలో ఎలిజబెత్ అనే ఊరు దీనికి సోదరి నగరమట, ఆ ఊరి పేరు పెట్టారు. చుట్టూ కాలిబాట. పొద్దున్నే చైనా ముసలమ్మలు చేతులు మెల్లగా తిప్పుతూ తాయ్ చీ చేస్తుంటారు, పంజాబీ తాతలు తలపాగాలతో బెంచీల మీద పంచాయతీ పెడతారు, కెనడా బాతులు దారంతా పాడుచేసి పైగా మనమీదే బుసకొడతాయి. వార్మ్ స్ప్రింగ్స్ దాకా రైలు పొడిగించినప్పుడు ఈ పార్కుని తవ్విపారేయకుండా, చెరువు ఒక కొస కిందుగా మైలు పొడుగున సొరంగం వేశారు. 2017 నుంచి బార్ట్ అనే ఇక్కడి లోకల్ రైళ్ళు అందులో నడుస్తున్నాయి.

రెండో తరగతి చదివే మా మనవడికి రైళ్ళంటే పిచ్చి. స్కూలు లేని రోజు వాణ్ణి తీసుకుని ఫ్రీమాంట్ స్టేషన్‌లో ఎక్కి ఒక్క స్టేషను దూరం వెళ్ళి, ఇంకో రైల్లో వెనక్కి వచ్చేస్తాం. పని ఏమీ లేదు. సొరంగంలోకి వెళ్ళగానే వాడు చెయ్యి పైకి చూపించి, "అమ్మమ్మా, ఇప్పుడు డక్స్ మన తల మీద ఈదుతున్నాయి" అంటాడు. నేను పైకి చూస్తాను. రైలు కప్పు తప్ప ఏమీ కనపడదు. అయినా ప్రతిసారీ ఇద్దరం తల పైకెత్తే చూస్తాం. ఎదురు సీట్లో లాప్‌టాప్ పెట్టుకున్నాయన కూడా ఒకసారి చూశాడు.

అమ్మాయికి చుక్క కనిపించింది అప్పుడే.

సెంటర్‌విల్ పేటలో ఆఫ్ఘన్ల కొట్లు ఎక్కువ. సోవియట్ సేనలు వాళ్ళ దేశంలోకి వచ్చిన తర్వాత వలస వచ్చినవాళ్ళు ఈ ప్రాంతంలో స్థిరపడ్డారు. ఆ వీధిని లిటిల్ కాబూల్ అని పిలుస్తారు. అక్కడి బస్టాపులో ఒక సాయంత్రం నాతోపాటు ఒక పెద్దావిడ కూర్చుంది. తలమీద తెల్లని బట్ట, ఒళ్ళో కాగితంలో చుట్టిన నాన్ రొట్టెలు. మన తందూరీ రొట్టెల్లా గుండ్రంగా కాదు, మూరెడు పొడుగు ఉంటాయి, నిలువునా వేళ్ళతో గీసిన చాళ్ళు, పైన నల్ల జీలకర్ర లాంటి గింజలు. ఆవిరికి కాగితం తడిసి ఉంది. నా చీర చూసి "హిందుస్తాన్?" అంది. తలూపాను. "అమితాబ్ బచ్చన్! ఖుదా గవా!" అంది, మొహమంతా వెలిగిపోతూ. 1992లో వచ్చిన ఆ సినిమా కొంత వాళ్ళ దేశంలోనే తీశారు. ఆదివారాలు దూరదర్శన్ ముందు కూర్చుని నేర్చుకున్న హిందీ ఇన్నాళ్ళకి పనికొచ్చింది. ఆవిడ హిందీ నా హిందీ కంటే నయం, ఎందుకంటే ఆవిడకి అన్నీ సినిమా డైలాగులే వచ్చు. మనవలు ఎందరని వేళ్ళతో లెక్కపెట్టి చెప్పుకున్నాం. మోకాళ్ళు చూపించుకుని ఒకరినొకరు పరామర్శించుకున్నాం. బస్సు వచ్చేలోపు రొట్టె ఒకటి తుంచి నా చేతిలో పెట్టింది. వద్దంటే ఊరుకోలేదు. మన ఊళ్ళో పెద్దవాళ్ళు ఊరుకుంటారా ఏం?

అప్పట్నుంచి వారానికోసారి ఆ రొట్టెలు మా ఇంటికి వస్తున్నాయి. దోసకాయ పప్పులో ముంచుకుని మనవడు తింటాడు. ఇడ్లీ పెడితే మొహం తిప్పేసే నాలుగేళ్ళ మనవరాలు ఆ నాన్ చివర కరకరలాడే అంచు కోసం అన్నతో యుద్ధం చేస్తుంది. మావారు మొదట "ఇదేం రొట్టె" అన్నారు. గోంగూర పచ్చడితో ఇచ్చాక ఇంకోటి అడిగారు.

సాహసాలన్నీ బయటే జరగనక్కర్లేదు. ఫ్రీమాంట్ కింద హేవర్డ్ ఫాల్ట్ అని భూమి పగులు ఒకటి ఉంది. 1868 అక్టోబరులో అది కదిలి ఈ చుట్టుపక్కల ఇళ్ళు కూల్చేసింది. అందుకని ఏటా అక్టోబరులో ఒక గురువారం బళ్ళలో భూకంపం కసరత్తు చేయిస్తారు. మోకాళ్ళ మీద వంగు, తల దాచుకో, గట్టిగా పట్టుకో. మనవడు ఆ పాఠం బళ్ళో వదిలేసి రాడుగా! సాయంత్రం పప్పు తాలింపు వేస్తున్నదాన్ని లాక్కొచ్చి, "అమ్మమ్మా, షేకింగ్! టేబుల్ కిందకి!" అన్నాడు. స్టవ్ కట్టేశాను. కుర్చీ పట్టుకుని ఒక మోకాలు వంచాను. రెండోది వంగలేదు. పైన మనవరాలు టేబుల్‌ని రెండు చేతులా కుదుపుతూ భూకంపం పాత్ర పోషిస్తోంది. నేను సగం కిందకి దిగి, కొంగు కుర్చీ కాలికి చిక్కుకుని, వెనక్కీ ముందుకీ రాలేక ఉండిపోయాను. వాడు చేతి గడియారం చూస్తూ, "అమ్మమ్మా, ఇంత స్లోగా వస్తే ఎర్త్‌క్వేక్ అయిపోయి డిన్నర్ కూడా అయిపోతుంది" అన్నాడు.

మర్నాడు వాళ్ళ టీచర్ని అడిగొచ్చాడు. మోకాళ్ళు వంగనివాళ్ళు కిందకి దూరక్కర్లేదట. కూర్చున్నచోటే ముందుకి ఒంగి, చేతులతో తల, మెడ కప్పుకుంటే చాలట. ఆ ఆసనం ఇద్దరు మనవలూ కలిసి నాకూ మావారికీ నేర్పించారు. ఆయన సోఫా మూల వదలకుండానే నేర్చేసుకున్నారు. ఆయనకి సరిగ్గా సరిపోయిన విద్య.

ఆయన్ని సోఫా నుంచి లేపింది మాత్రం నైల్స్. పేట వెనక కొండమీద తెల్లటి అక్షరాలతో ఊరిపేరు, రైలుపట్టాల పక్కన ఒక్కటే బజారు, పాతసామాన్ల కొట్లు. ఇత్తడి గిన్నె దొరుకుతుందేమోనని బస్సులో వెళ్ళి తిరుగుతుంటే ఎడిసన్ థియేటర్ అని 1913 నాటి సినిమా హాలు కనిపించింది. ఇప్పుడది మూకీల మ్యూజియం. సినిమావాళ్ళంతా ఇంకా హాలీవుడ్‌లో స్థిరపడకముందు ఎస్సనే అనే కంపెనీ ఇక్కడ స్టూడియో పెట్టి, 1912 నుంచి నాలుగేళ్ళపాటు కౌబాయ్ సినిమాలు తీసింది. 1915లో చార్లీ చాప్లిన్ వచ్చి ఇక్కడ పనిచేశాడు. అనాథలా దారిపట్టి నడిచిపోయే ఆయన రూపాన్ని లోకానికి బాగా పట్టించిన ‘ద ట్రాంప్’ నైల్స్‌లో తీసిందే. ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే మావారు ఫోన్ పక్కన పెట్టారు. "చాప్లినా? మన పక్క వీధిలోనా?"

ఆ శనివారం కారులో అందరం బయల్దేరాం. ఫోన్‌లోని ఆవిడ ఏదో చుట్టుదారి చెబుతోంది. "బాబూ, ఇక్కడ ఎడమకి తిప్పండి, బస్సు ఇటే వెళ్తుంది" అన్నాను. అల్లుడు ఒక్క క్షణం అద్దంలో నన్ను చూసి, ఎడమకే తిప్పాడు. ఫోన్ కాసేపు గొణిగి, తర్వాత దారికి వచ్చింది.

హాలు చిన్నది. తెర కింద పియానో, దానిమీద చిన్న దీపం. వాయించేవాడు కాగితం చూడడు, తల వెనక్కి వాల్చి తెరనే చూస్తూ బొమ్మ పరుగెడితే వేళ్ళు పరిగెత్తిస్తాడు. చాప్లిన్‌ని పొలం పనికి పెట్టుకుంటారు. పాలు పితకమంటే బోరింగు కొట్టినట్టు ఆవు తోక పట్టుకుని పైకీ కిందకీ ఆడించాడు. మావారు పగలబడి నవ్వారు. ఆయనకి పాడి తెలుసు. మనవలకి ఆవు తెలియదు, వాళ్ళూ అంతే నవ్వారు. మధ్యలో వచ్చే ఇంగ్లీషు అట్టల్ని మనవడు పైకి చదివితే, నేను మనవరాలి చెవిలో తెలుగులో కథ చెప్పుకుంటూ పోయాను. తన కుర్రతనంలో మూకీ ఆడేటప్పుడు తెర పక్కన ఒకాయన కర్ర పుచ్చుకుని నుంచుని కథ వివరించేవాడని మా తాతయ్య చెప్పేవారు. ఆ ఉద్యోగం ఇన్నాళ్ళకి ఫ్రీమాంట్‌లో నాకు దక్కింది.

ఆ తర్వాత ఇంట్లో నా పరపతి పెరిగింది. కారు వర్క్‌షాపులో ఉన్న రోజున అమ్మాయే వచ్చి, "అమ్మా, స్టేషన్‌కి ఏ బస్సు ఎక్కాలి?" అంది. చెప్పాను. ఏ వైపు నుంచుంటే ఎండ తగలదో కూడా చెప్పాను.

చెరువు దగ్గర బెంచీ మీద కొత్తగా వచ్చిన వదినగార్లు కనిపిస్తుంటారు. ఆరు నెలలుండాలి, ఎలా గడుస్తుందో అని దిగులు. గోల్డెన్ గేట్ వంతెన చూశామంటారు, లాస్ వేగాస్ చూశామంటారు, ఫోటోలు చూపిస్తారు. తాముంటున్న వీధి చివర ఏముందంటే తెలియదు. పిల్లలు చూపించేది దేశం. అడక్కుండా, ఎదురుచూడకుండా మన కాళ్ళతో వెళ్ళి రాగలిగినంత మేరే మన ఊరు. అది రెండు వీధులైనా సరే, ఆ మేర ఉన్నవాళ్ళకి ఆరు నెలలు లెక్కే కాదు. అందుకే వాళ్ళకి నేను చెప్పేది ఇంతే. ముందు కార్డు చేయించుకోండి వదినగారూ. ఫోన్ నిండా చార్జింగ్ పెట్టుకోండి. ఇంటి అడ్రసు కాగితం మీద రాసి పర్సులో ఉంచుకోండి. ఎక్కే బస్సు సంగతి తర్వాత, తిరిగొచ్చే బస్సు ఎన్నింటికో ముందు చూసుకోండి. ఆదివారాలు అది చాలా ఆలస్యంగా వస్తుంది.